ఎడమొహం పెడమొహం లేని ఐదుగురు

వనజ టెక్కలి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. పొద్దున్నే పలాసలో బస్సెక్కితే మళ్లీ ఇల్లు చేరేసరికి చీకటి పడేది. 2004లో ఆమె అల్గారిథమ్స్ చివరి యూనిట్ చెబుతున్న రోజుల్లోనే వాళ్ల బాప్టిస్టు చర్చి కప్పు కారడం మొదలైంది.

కప్పు పని చూడటానికి ఐదుగురి కమిటీ వెయ్యాలన్నారు పాస్టరుగారు. పాత కమిటీ తగవులతోనే చెడింది కాబట్టి, ఈసారి ఆ ఐదుగురిలో ఏ ఇద్దరికీ మాటల్లేకుండా ఉండకూడదన్నారు. ఎంపిక చేసే బాధ్యత వనజ మామగారు జ్ఞానప్రకాశానిది. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా రిటైరైన ఆ సంఘపెద్ద దాన్ని తెచ్చి కోడలికి అప్పజెప్పాడు.

"నువ్వు కంప్యూటర్ సదివినావు గదమ్మా. ఓపాలి సూడు."

వనజకి నవ్వొచ్చింది కానీ నవ్వే ఓపిక లేకపోయింది. ఆ వారం తరగతిలో చెబుతున్నది అచ్చం ఇదే. మనుషుల్ని చుక్కలనుకుని, మాటలున్న ఇద్దరి మధ్య గీత గీస్తే, ఒకదానితో ఒకటి అన్నీ కలిసిన ఐదు చుక్కలు కావాలి. దానికి, ఎలా ఎంచాలో చెప్పనక్కర్లేని నాన్‌డిటర్మినిస్టిక్ అల్గారిథమ్ రాయడం తేలికే. ఐదింటిని ఎంచుకో, జంటజంటనీ సరిచూడు, ఒక్క గీత లేకపోయినా విఫలం. పిల్లలు చకచకా రాసేశారు. బారువ నుంచి వచ్చే ధనుంజయ మాత్రం పెన్ను కింద పెట్టాడు.

"ఎంచుకునేదెవరు మేడం?"

సరైన ఎంపికంటూ ఉంటే యంత్రం దాన్నే పట్టుకుంటుందని అనుకుంటామనీ, అలాంటి యంత్రం మాత్రం ఎక్కడా లేదనీ చెప్పింది వనజ. ఉన్నవాటితోనైతే ఒకటి తప్పితే ఇంకొకటి చూసుకుంటూ పోవడమే.

ఇంట్లో ఆమె చేసిందీ అదే. ఎవరికెవరితో మాటలున్నాయో మామగారు చెబుతుంటే కాగితం మీద గీతలు గీసింది. ఎవరిని కలిపినా ఎక్కడో ఒక జంట చెడేది. ఒకచోట జీడితోట గట్టు తగువు, ఒకచోట పెళ్లిభోజనాల దగ్గర జారిన మాట. బస్సులోనూ అదే ఆలోచన. చివరికి ఒక్క గీత మాత్రమే తక్కువైన ఐదుగురి దగ్గర ఆగింది. ఆ గీత జ్ఞానప్రకాశానికీ, పాటల బృందం నడిపే జెర్రీకీ మధ్య ఉండాల్సింది. ఆరాధనలోకి డ్రమ్ములు తెచ్చాడని ఆయన ఆ కుర్రాణ్ని అందరి ముందూ కేకలేశాడు. అప్పట్నుంచీ మాటల్లేవు.

"ఇంకా ఎతికితే దొరుకుతారేమో మావయ్యా. అలాంటోలు నేరని సెప్పాలన్నా అందర్నీ సూడాల. నాకింక ఓపిక నేదు," అంది వనజ.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర్నాటి సాయంత్రం చొక్కా మార్చుకుని జెర్రీ ఇంటికి వెళ్లాడు. జెర్రీ మొదట కుర్చీలోంచి లేవలేదట. అతని భార్య జాయ్ టీ పెట్టి ఇచ్చాక, పెంకులా రేకులా అన్న సంగతి మీద మాట కలిసిందట.

"ఆడు తనది తప్పన్నేదు, నేనూ నాది తప్పన్నేదు. మాటాడుకున్నాం. సాల్దా?"

"సాల్తాది మావయ్యా."

క్రిస్మస్‌కి ముందే రేకులు పడ్డాయి. ఆ ఇద్దరూ ప్రతి మేకు దగ్గరా వాదించుకునేవారు, కానీ ఎదురుబొదురుగానే. పాస్టరుగారు సంతోషించి, స్త్రీల సమాజానికీ అలాగే కమిటీని ఎంచి పెట్టమని వనజని అడిగారు. ఆమె చేతులు జోడించి, చెప్పులేసుకుని ఇంటికొచ్చేసింది.