పేరు రాయని కథ

ఏళ్ల తరబడి కక్కలేక మింగలేక మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కరలేదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

హిందూపురంలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి. కాంట్రాక్టు ఉద్యోగం, ప్రతి ఏడూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవడమే. ఒకసారి పిల్లలకు కథల పోటీ పెట్టాను. పేర్లు రాయొద్దు, భయం లేకుండా రాయండి, ఎవరిదని నేను కూడా అడగను అని క్లాసులో మాటిచ్చాను.

వచ్చిన వాటిలో ఒక కథ చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. రాబోయే కాలంలో ఒక ఊరు. ప్రతి ఇంటి దూలానికీ సర్కారు ఒక కన్ను బిగించింది. అది చూస్తుంది, వింటుంది, ఎవరు ఎందుకు నవ్వారో కూడా గుర్తుపెట్టుకుంటుంది. ఆ ఊళ్లో ఇద్దరు ఆడవాళ్లు మగ్గం దగ్గర ఎదురెదురుగా కూర్చుని, పోగు జారకుండా వేళ్లకు బూడిద అద్దుకుని, అయిపోయిన నిలువు పోగుల కొసలకు కొత్త పడుగు పోగులు మెలిపెట్టి అతుకుతుంటారు. నోరు విప్పరు. పోగును మెల్లగా లాగి మాట్లాడుకుంటారు. కన్నుకు పని కనిపిస్తుంది, మాట దొరకదు. ఊరంతా ఆ భాషతోనే బతుకుతుంది. మగ్గమున్న ఇంట్లో పుట్టి, చదువుకుని బయటికెళ్లిన ఒకడు, ఎవరూ అడగకముందే పోయి ఆ గుట్టు చెప్పేస్తాడు. అక్కడితో కథ అయిపోతుంది.

ఆ వయసు పిల్లకు ఇంత ఎలా తెలిసింది?

పిల్ల అని ఎలా తెలిసిందంటారా? నేను ధర్మవరంలో మగ్గమున్న ఇంట్లోనే పుట్టాను. మా అవ్వ వేళ్లకు ఎప్పుడూ బూడిదే. ఆ పని అంత దగ్గరగా చూసినవాళ్లు తప్ప అలా రాయలేరు. మా క్లాసులో నేత ఇంటి నుంచి వచ్చేది ఒక్క అమ్మాయే, రోజూ ధర్మవరం నుంచి రైల్లో.

బహుమతులివ్వడానికి పెద్ద అధికారి ఒకాయన వస్తున్నాడన్నారు. నాలో పురుగు తొలిచింది. ఆయన ముందు ఈ కథ చదివితే? పోటీ పెట్టిందెవరని అడిగితే? ప్రిన్సిపాల్ గదికి నేనే వెళ్లాను. ఎవరూ పిలవలేదు. కథ చూపించాను. ఆయన అడగకముందే అమ్మాయి పేరు కూడా చెప్పాను. కథ ముగింపు చదివినవాణ్ణే కదా, అందులో ఉన్నది నేనేనని ఎందుకు తోచలేదు? తోచినా వెళ్లానా? ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ అమ్మాయి నాయనను పిలిపించారు. సర్కారు సాయం మీద మగ్గం నడుపుకునే మనిషి. చేతులు కట్టుకుని నిలబడి, ఇంకెప్పుడూ రాయదు సార్ అని చెప్పి, ఆ కాగితాలు అక్కడే చింపేశాడు.

మరునాడు ఆ అమ్మాయి లైబ్రరీ వరండాలో నన్ను ఆపింది.

“పేరు రాయలేదు కదా సార్. నేనేనని వాళ్లకు ఎట్ల తెలిసింది?”

“ఏమోమ్మా. ఈ కాలంలో ఏం దాగుతాది? యాడ చూసినా కెమెరాలే కదా.”

తలెత్తి వరండా మూలనున్న కెమెరాను చాలాసేపు చూసింది.

“నేను రాసుకునింది ఈడే సార్. అదే చూసిండాది.”

ఆ కళ్లలో భయం కంటే ముందు విస్మయం కనిపించింది. తాను కల్పించింది నిజమై ఎదురుగా నిలబడిందని నమ్మేసింది. ఆ కెమెరా పనిచేయదని నాకు తెలుసు. నేనే చెప్పానమ్మా అనడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. అనలేదు. ఆ తర్వాత ఆమె ఒక్క ముక్క కూడా రాయలేదు. నా కాంట్రాక్టు మాత్రం పొడిగించారు.

ఈమధ్య రైల్లో వస్తుంటే, పెనుకొండ దాటాక, నా వెనక సీట్లో ఒక పాప గొంతెత్తి కథ చెబుతోంది. గొర్రెపిల్ల రైలు నడిపిన కథ. తల్లి గొంతు వినగానే గుర్తుపట్టాను, ఆ అమ్మాయే.

“మెల్లగ చెప్పు పాపా. పైన కెమెరా ఉండాది.”

పాప ఠక్కున ఆపేసింది. ఒక్క అబద్ధానికి ఇంత ఆయుష్షు ఉంటుందా? ఆ కథలోని సర్కారుకు ఇంటికో కన్ను కావలసి వచ్చింది. నాకు ఒక్క మాట సరిపోయింది.

హిందూపురం వచ్చేదాకా ఆ పాప మళ్లీ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. ఇప్పుడు మీ దగ్గర విప్పుతున్నాను. ఆ అమ్మాయి పేరు చెప్పింది కెమెరా కాదు. నేను.