పోలింగు అయ్యాక డబ్బు పంచిన మనిషి

పోయిన నెల రెండో ఆదివారం పొద్దున్న ఆరాధనకు బయలుదేరి క్వార్టరుకు తాళం వేస్తుంటే ఫోను మోగింది. మా ఆఖరి తమ్ముడు. మా వైపు అక్కను అప్ప అంటారు. "అప్పా, మావయ్య ఎల్లిపోయాడు" అన్నాడు. దగ్గర ఎవరున్నారని అడిగాను. "నానే" అన్నాడు. చావు కబురుకు రాని కన్నీళ్ళు ఆ ఒక్క మాటకు వచ్చాయి.

ఎందుకో చెప్పాలంటే మావయ్య గురించి చెప్పాలి. పాత పట్నం వైపు ఉండేవాళ్ళు కొందరికి ఆయన తెలిసే ఉంటారు. తెలియని వాళ్ళ కోసం రాస్తున్నాను.

ఆయన మా అమ్మకు చిన్న తమ్ముడు. పోర్టులో క్రేన్ ఆపరేటరుగా చేసి, నడుము పట్టేయడంతో ముందే ఉద్యోగం మానుకున్నారు. తరవాత ఫిషింగ్ హార్బరు పక్క వార్డుకు కార్పొరేటరు అయ్యారు. మేం క్రైస్తవులం. వార్డులో ఎక్కువమంది వేటకు వెళ్ళే కుటుంబాలు, గంగమ్మను కొలిచేవాళ్ళు. ఆ తేడా ఆయనకూ పట్టలేదు, వాళ్ళకూ పట్టలేదు. ఇంటి ముందు కుళాయి పాడైతే ఎవరికైనా ఆయనే గుర్తొచ్చేవారు.

కార్పొరేటరు ముద్రనూ ఇంకు డబ్బానూ చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవారు. రేషన్ కార్డుకో, బళ్ళో చేర్పించడానికో కాగితం మీద ముద్ర కావలసిన వాళ్ళు ఆఫీసుకు రానక్కర్లేదు. టీ కొట్టు బల్ల మీద, ఆగి ఉన్న బోటు అంచు మీద, ఒకసారి చర్చి మెట్ల మీద కూడా ముద్ర వేయడం చూశాను. చొక్కాలన్నిటికీ ఎడమ జేబు దగ్గర ఊదారంగు మరక. "ఊరందరికీ ముద్దర్లు, నాకు సబ్బులు" అని అత్తయ్య దెప్పేది. ఆయన చొక్కా విప్పి చేతికిచ్చి, "ఈ ఒక్క ముద్దర నీకేనే" అనేవారు.

భోజనం ముందు ఆయన ప్రార్థన చాలా పొట్టిది. "ప్రభువా, తిన్నది అరగనియ్యి, పెట్టినోళ్ళని సూడు." అంతే. ఇంట్లో ఎవరైనా పొడుగ్గా ప్రార్థిస్తే కళ్ళు మూసుకునే, "కూర సల్లారిపోతంది తల్లీ" అని గొణిగేవారు. ఆ తల్లిని సాధారణంగా నేనే.

రెండోసారి ఎన్నికలు వస్తున్నాయనగానే వార్డులో జనం తమంతట తామే చందాలు వేసుకున్నారు. పార్టీ ఆయనకు పెద్దగా ఇచ్చేది కాదు. బోట్ల వాళ్ళు ఒక రోజు వేటలో ఒక వాటా అమ్మి ఆ డబ్బు తెచ్చారు. గంపల్లో చేపలు అమ్ముకునే ఆడవాళ్ళు కొంగుముడి విప్పి ఐదూ పదీ ఇచ్చారు. మా చర్చి వాళ్ళిచ్చారు, స్టీల్ ప్లాంటులో ఉన్న చుట్టాలిచ్చారు. నేనప్పుడు ఆ వార్డులోనే చిన్న బళ్ళో టీచర్ని. పేర్లన్నీ నా చేత పుస్తకంలో రాయించారు. పేరు చెప్పకుండా ఇచ్చి పోయిన వాళ్ళకు ఇంటి ఆనవాలు రాయమన్నారు. "పంపు పక్క నీలం తలుపు," "రెండు మేకలున్న ఇల్లు," ఇలా. ఇదంతా ఎందుకు మావయ్యా అంటే, ఎవరు గెలిపించారో తెలియాలి కదమ్మా అన్నారు.

గోడలకు రంగులు వేయించారు, జీపుకు అడ్వాన్సు ఇచ్చారు. అప్పుడు తెలిసింది, వార్డు ఆడవాళ్ళకు రిజర్వు అయిందని. ఆయన నిలబడడానికి లేదు.

అత్తయ్యను నిలబెట్టమన్నారు అందరూ. చాలా వార్డుల్లో అలాగే జరిగింది. పేరు ఆవిడది, పెత్తనం ఈయనది. అత్తయ్య ఒక్క మాటలో తేల్చేసింది. "నాను సంతకం పెడితే మీరు ముద్దరేత్తారా? నాకొద్దు." మావయ్య ఇంక ఆ మాట ఎత్తలేదు. రాజకీయం చాలన్నారు.

మిగిలింది డబ్బు. కొత్త అభ్యర్థికి ఇచ్చేయమని పార్టీ వాళ్ళు కబురు పెట్టారు. ఇది నా ముఖం చూసి ఇచ్చిన డబ్బు, ఆవిడ ముఖం చూసి కాదు అని తిప్పి పంపారు. అమ్మవారి పండగకు వాడమని కొందరు, చర్చి ప్రహరీ కట్టమని మావాళ్ళు. ఐదేళ్ళు తిరిగిన కష్టానికి ఉంచేసుకోమని చెప్పిన వాళ్ళూ ఉన్నారు, అదీ దాపరికం లేకుండానే. ఎవరిచ్చింది వాళ్ళకే ఇచ్చేస్తానన్నారు ఆయన. ఖర్చయింది పోగా రూపాయికి పదణాల లెక్కన వస్తుందని తేల్చారు.

ఆ డబ్బు అడిగిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

మా నాన్న పోయాక ఇంటికి పెద్దకూతురుగా ఐదుగురిని చూసుకున్నాను. ఆఖరి తమ్ముడికి అప్పుడు ఇరవై మూడు. ఓడల్లో పనికి ట్రైనింగుకు ఎంపికయ్యాడు, మెడికల్ కూడా పాసయ్యాడు. నెల తిరక్కుండా ఫీజు కట్టాలి. కట్టకపోతే సీటు పోతుంది. ఆ వయసు దాటితే మళ్ళీ తీసుకోరు. చిన్నప్పటి నుంచి వాడికి ఓడలు తప్ప వేరే ధ్యాస లేదు. నా దగ్గర ఉన్నది సగానికి కూడా చాలలేదు. ప్రార్థన చేసుకుని మావయ్య దగ్గరకు వెళ్ళాను.

"అది తప్ప ఏదైనా అడగమ్మా" అన్నారు. తన చీటీ పాడి ఇస్తానన్నారు. పాడారు కూడా. ఆ నెల పాట వేరేవాళ్ళకు పోయింది.

డబ్బు తిరిగివ్వడానికి నన్ను తోడు రమ్మన్నారు, పుస్తకంలో రాత నాది కాబట్టి. మనసులో మంట పెట్టుకునే వెళ్ళాను. మేం చేసిన పొరపాటు మొదటి వీధిలోనే తెలిసింది. పోలింగుకు ఇంకా మూడు వారాలుంది. రాజకీయాల మనిషి కవర్లు పట్టుకుని గుమ్మం గుమ్మానికీ తిరుగుతుంటే జనం ఏమనుకుంటారో మా ఇద్దరికీ తట్టనే లేదు. నీలం తలుపు ముసలమ్మ కవరు తీసుకుని కళ్ళకద్దుకుని, మెల్లిగా అడిగింది.

"ఏ గుర్తుకెయ్యాల బాబూ?"

"దేనికీ కాదే అప్పా. నువ్విచ్చిందే నీకిత్తన్నాను."

"అలాగేలే బాబూ, నానెవులికీ సెప్పను. గుర్తు సెప్పు."

పక్కింటావిడ బయటికొచ్చింది. ఆవిడ చందా ఇవ్వలేదు. "మా ఇంట్లో నాలుగోట్లున్నాయి. మాకేటీ నేదా?" అని నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. మూడో ఇంట్లో, ఎదురు పార్టీ ఇంతకంటే ఎక్కువిచ్చిందని బేరం పెట్టారు. సాయంత్రానికి ఎవరో ఫిర్యాదు చేస్తే మావయ్యను స్టేషనుకు పిలిచారు. పుస్తకం చూపించారు. అంతా విని అక్కడి పెద్దాయన నవ్వి, "నిజమే అయుంటాది గానీ, నిజంలా లేదండీ. పోలింగు అయ్యాక ఇచ్చుకోండి" అని పంపేశారు.

దాంతో డబ్బు పెట్టెలో పెట్టి తాళం వేశారు. ఇంకా మూడు వారాలు అది అలా ఊరికే పడి ఉంటుంది. తమ్ముడి గడువు పది రోజుల్లో ఉంది.

రెండోసారి వెళ్ళి అడిగాను. ఈసారి ఇమ్మని కాదు, మూడు వారాలకు అప్పుగా. పోలింగు లోపల మా ఆయన లోను చేతికొస్తుంది, అది తెచ్చి మళ్ళీ పెట్టెలో పెట్టేస్తానన్నాను. తమ్ముడు నా వెనకే నిలబడ్డాడు. నా జీవితంలో ఒకరిని అంతగా బతిమాలింది అప్పుడే.

మావయ్య అన్న మాటలు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"నువ్వు తెచ్చి పెట్టేత్తావు. నాకు తెలుసు తల్లీ. ఆళ్ళకి తెలీదు కదా."

ఆయనే మళ్ళీ అన్నారు. "పోర్టులో రోజూ ఓడ కడుపులోంచి టన్నులు టన్నులు ఎత్తినాను. మెట్లు దిగినప్పుడు నా సేతిలో కేరేజీ ఒక్కటే. అదీ ఖాళీది. ఇప్పుడూ అలాగే దిగనియ్యి నన్ను."

తమ్ముడు వాకిట్లోంచి, "మావా, నువ్వు బాగానే దిగుతన్నావు. నానే ఎక్కలేకపోతన్నాను" అని వెళ్ళిపోయాడు. గడువు దాటిపోయింది. తరవాతి నెల మావయ్య చీటీ వచ్చింది. ఆ డబ్బు పట్టుకుని మా ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడ్డారు. ఎవరూ తీసుకోలేదు. ఆయన కూర్చోలేదు.

పోలింగు అయిన వారానికి వార్డంతా తిరిగి డబ్బు ఇచ్చేశారు. ఈసారి ఒక్కరే వెళ్ళారు, నన్ను రమ్మనలేదు. జనానికి ఇది మరీ వింతయింది. ఓట్లు పడిపోయాక డబ్బు పంచేవాడు ఎక్కడైనా ఉంటాడా అని హార్బరులో నెల్లాళ్ళు నవ్వుకున్నారట. "మతి పోయిందేటి బావా" అని టీ కొట్టు దగ్గర ఆటపట్టించేవారట. ఆయనా నవ్వేవారట. నాకు నవ్వు రాలేదు. మా ఆయనకు ఉక్కునగరంలో క్వార్టరు వచ్చింది, మేం ఇటు మారిపోయాం. మావయ్య ఇంటికి వెళ్ళడం నేనే తగ్గించుకున్నాను. పండగలకు వెళ్ళి, తిని, వచ్చేసేదాన్ని. ప్రార్థనలో ఆయన పేరు చెప్పేదాన్ని కానీ, మనసు పెట్టి కాదు. ఇది ఒప్పుకోవాలి.

తమ్ముడు అసలు వెళ్ళలేదు. హార్బరులో ఒక ఐసు ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. ఏడేళ్ళు వాళ్ళిద్దరూ ఒకే రోడ్డు మీద తిరుగుతూ మాట్లాడుకోలేదు.

తరవాత జరిగింది తమ్ముడే చెప్పాడు. సొంతంగా ఐసు కొట్టు పెట్టుకుందామనుకున్నప్పుడు జెట్టీ దగ్గర చోటు కావలసి వచ్చింది. బోట్ల సంఘం వాళ్ళు బయటివాళ్ళకు ఇవ్వరు. వీడు ఏదో నసుగుతుంటే, ఒక పెద్దావిడ వీడి ముఖం పరికించి చూసి, నువ్వు ఫలానా ఆయన మేనల్లుడివి కదూ అని అడిగిందట. అవునన్నాడట. "ఆ బాబు మాకు ఆర్రూపాయల పావలా తెచ్చిచ్చినాడు. గొడుగేసుకుని వానలో వచ్చినాడు. ఈడికియ్యండి" అందట. సంఘం వాళ్ళు ఇంకేమీ అడగలేదట.

ఆ సాయంత్రం తమ్ముడు రెండు చందువా చేపలు పట్టుకుని మావయ్య ఇంటికి వెళ్ళాడు. ఏడేళ్ళ తరవాత. అప్పటికే ఆయనకు ఆయాసం, మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నారు. అత్తయ్య చెప్తే నాకు తెలిసింది. మావయ్య వాడిని చూసి, "కోపం పోయిందేటిరా?" అని అడిగారట. "పోనేదు మావా" అన్నాడట వాడు. "పోకపోతే పోనీ. కూకో" అన్నారట. వాడు కూర్చోకుండా పెరట్లోకి వెళ్ళి చేపలు శుభ్రం చేసి, అత్తయ్యకిచ్చి, భోజనం చేసి వెళ్ళాడట.

ఆ తరవాత వారానికి రెండుసార్లు వెళ్ళేవాడు. మావయ్యను వీపు మీద ఎత్తుకుని ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళింది వాడే. సీటు సంగతి ఇద్దరూ మళ్ళీ ఎత్తలేదని అత్తయ్య చెప్పింది. ఆఖరి వేళకు పక్కన ఉన్నదీ వాడే.

నేను కూడా వెళ్ళి కూర్చున్నాను, కాని వాడికంటే ఆలస్యంగా. పోయిన ఏడాది ఒకరోజు మావయ్య నా చెయ్యి పట్టుకుని, "నీకు అన్నాయం సేసినాను తల్లీ" అన్నారు. లేదు మావయ్యా అన్నాను. "సేసినాను. మళ్ళీ అదే సేత్తాను" అన్నారు. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆయనకు దగ్గు కూడా వచ్చింది.

ఇప్పుడు మళ్ళీ ఎన్నికల మాటలు వినపడుతున్నాయి. నిలబడే వాళ్ళ ఖర్చు గురించి అందరూ మాట్లాడుకుంటారు. దిగిపోయే వాళ్ళ దగ్గర మిగిలింది ఏమైందని అడిగిన వాళ్ళను నేను చూడలేదు. నాకు రాజకీయాలు తెలియవు. ఒకరి మీద నమ్మకంతో ఇచ్చిన డబ్బు ఆ పని జరగనప్పుడు ఇచ్చినవాళ్ళ గుమ్మానికే వెళ్ళాలని మాత్రం తెలుసు. గుడికీ కాదు, చర్చికీ కాదు, ఇంట్లో ఎంత అవసరం ఉన్నా ఇంటికీ కాదు. అది నేర్చుకోవడానికి మా ఇంట్లో ఒకరు ఓడ ఎక్కకుండా ఉండిపోవలసి వచ్చింది. అది చిన్న ఖరీదు అని నేను ఇప్పటికీ అనలేను. ఇలాంటి మనిషిని మా అమ్మకు తమ్ముడిగా ఇచ్చినందుకు ప్రభువుకు కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను.

సమాధుల తోటకు జనం చాలామంది వచ్చారు. ఆ రోజు చాలా బోట్లు వేటకు వెళ్ళలేదని తరవాత తెలిసింది. పాస్టరుగారి ప్రార్థన కొంచెం పొడుగైంది. నాకు మావయ్య గొణుగుడు వినపడినట్టే అనిపించింది.

అంతా అయ్యాక తమ్ముడు నన్ను బస్సు ఎక్కిస్తానని బీచి రోడ్డు మీదుగా తీసుకెళ్ళాడు. పోర్టులో చోటు దొరకని ఓడలు దూరంగా సముద్రంలో వరసగా ఆగి ఉన్నాయి. ఇన్నేళ్ళూ వాడు పక్కనుంటే అటు చూడడానికి నాకు మనసొప్పేది కాదు, మాట మార్చి ముందుకు నడిచేదాన్ని. ఆ సాయంత్రం వాడే గట్టు మీద కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. ఒక్కొక్క ఓడనూ చూపించి, ఇది బొగ్గు తెచ్చింది, ఇది ఖనిజం ఎత్తడానికి వచ్చింది, అది నాలుగు రోజులుగా అక్కడే ఉంది అని చెప్తూ ఉన్నాడు. చీకటి పడుతుంటే వాటి మీద దీపాలు వెలిగాయి. చివరి ఓడ ఒకటి మెల్లిగా ముక్కు తిప్పుకుని పోర్టు వైపు కదిలింది. వాడు మాట ఆపి దాన్నే చూస్తున్నాడు. అది పోర్టు పక్కనున్న డాల్ఫిన్ కొండ వెనక్కి వెళ్ళేదాకా మేం లేవలేదు.