గోడ మూసేలోగా

అతన్ని అందరూ పానా అంటారు. కుళాయిలు బిగించే పనిలో చేరిన కొత్తలో ఎవరో సరదాకు పెట్టిన పేరు అది. నెత్తిన జుట్టు పలచబడింది కానీ పేరు మాత్రం ఊడిపోలేదు. స్నానాలగదుల గోడల్లో నీళ్ల పైపులు వేయడం అతని పని. గోడకు గాడి కొడతాడు, పైపు పడుకోబెడతాడు, మలుపు దగ్గర ఎల్బో అతికిస్తాడు, కుళాయి రావలసిన చోట మూతి బయటకు పెడతాడు, చివరికి గాడిని సిమెంటుతో పూడుస్తాడు. ఆ తర్వాత వాళ్ల అక్క వచ్చి దాని మీద టైల్స్ పెడుతుంది. ఆమెను మేస్త్రమ్మ అంటారు. భర్త దగ్గర నేర్చుకున్న పని. ఆయన పోయాక కూడా తాపీ కింద పెట్టలేదు.

అక్కాతమ్ముళ్లు జంటగా పనులు ఒప్పుకోవడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. ఇద్దరి మధ్య మాటలు తక్కువ, దెప్పిపొడుపులు ఎక్కువ. తాను ప్రాణం పెట్టి చేసిందంతా అక్క పూడ్చిపెట్టేస్తుందని అతను ఇంటివాళ్ల ముందు వాపోతాడు. వాడి పని ఎవరి కంటికైనా కనబడిందంటే ఇంట్లో నీళ్లు కారుతున్నట్టే లెక్క అని ఆమె టైల్ మీంచి చూపు తిప్పకుండానే జవాబిస్తుంది.

పళ్ల డాక్టరు గారింట్లో ఆ హాస్యం చెల్లలేదు. అక్కడ పని పూర్తయి ఏడాది దాటాక కింది గది గోడకు చెమ్మ పట్టింది. పైనున్న స్నానాలగదిలో ఏదో అతుకు వదిలింది. అది ఎక్కడన్నదే తేలలేదు. పానా గోడ మీద వేళ్లతో తట్టి, చెవి ఆనించి విని, ఇక్కడే అన్నాడు. అక్క ఆ టైల్ పగలగొట్టింది. వెనక ఉత్త గోడ. కొంచెం ఎడమకు అన్నాడు. అక్కడ పైపు ఉంది, అతుకు లేదు. ఇంకో చోట కొడితే దొరికింది. అవి మామూలు టైల్స్ కావు, పాలరాయి చారలున్న పెద్ద పలకలు. ఒకదాని చార పక్కదాంట్లోకి నడిచి వెళ్లేలా, ముందు నేల మీద పరిచి, మార్చి మార్చి చూసుకుని ఆమె కట్టిన గోడ. ఆ రకం ఇప్పుడు ఏ దుకాణంలోనూ లేదు. దగ్గరి రంగువి తెచ్చి అతికిస్తే మంచి చొక్కాకు మాసిక వేసినట్టయింది.

తిరిగొస్తూ దారిలో టీ తాగేటప్పుడు ఆమె విషయం చెప్పింది.

"ఇప్పుడు ఒప్పుకున్న ఇల్లు అయ్యేదాకా నీతో చేస్తాను. ఆ తర్వాత ఇంకో ప్లంబరును చూసుకుంటాను తమ్ముడూ."

"కోపమొచ్చిందా అక్కా?"

"కోపమైతే సాయంత్రానికి పోయేది. నేను పెట్టినదాన్ని నేనే పగలగొట్టుకోవడం ఇక నా వల్ల కాదు."

పానా టీ గ్లాసు సగంలోనే పక్కన పెట్టేశాడు. టైల్స్ వేసేవాళ్లకేం, వెతికితే బోలెడుమంది. కానీ అతను గాడి పూడ్చాక గోడంతా అరచేత్తో తడిమి, ఇక్కడ ఉబ్బింది చెక్కు అని చెప్పే మనిషి ఇంకొకరు లేరు. ఆ అరచెయ్యి ఉందన్న ధైర్యంతోనే అతని పని ఇన్నాళ్లూ నీటుగా నడిచింది. పైగా అక్క ఒక మాట అన్నదంటే వెనక్కి తీసుకునే రకం కాదు.

గోడ మూసేలోగా ఫొటో తీసి పెట్టుకోవాలన్న ఆలోచన అలా పుట్టింది. చేతిలో ఫోను ఉందిగా, ఇంక కెమెరా ఎందుకని మందుల దుకాణంలో పనిచేసే అతని భార్య అడిగింది. ఫోనుతో పడ్డ పాట్లు అతనికే తెలుసు. తడి వేలు పెడితే తెర మాట వినదు. అతికించే సొల్యూషన్ అంటిన వేలు పెడితే ఒక పట్టాన వదలదు. ఒక ఫోను ఇదివరకే బకెట్లో మునిగి చచ్చింది. ఎప్పుడో తీసిన నాలుగు పైపుల బొమ్మలూ చుట్టాలు పొద్దున్నే పంపే పువ్వుల కింద ఎక్కడో కూరుకుపోయాయి. రోజూ ఒంటి మీద ఉండేది కావాలి. జేబులో పట్టాలి. ఒక చేత్తో సుత్తి పట్టుకుని రెండో చేత్తో తీయగలగాలి. నొక్కితే నొక్కినట్టు తెలిసే మీట ఉండాలి.

మొదట పెద్ద దుకాణానికి వెళ్లాడు. అమ్మేవాడు ఒకటి చేతికిచ్చాడు. మీట తిప్పగానే దాని కన్ను తాబేలు తలలా బయటకు సాగింది. రోడ్డు అవతల చెప్పుల దుకాణం బోర్డు మీద అడుగున రాసిన చిన్న అక్షరాలు కూడా చదవగలిగాడు. ఇంకేముంది, మనసు పారేసుకుని అదే కొనేశాడు.

మర్నాడు పనిచేసే ఇంట్లో మొదటి స్నానాలగదిలో దాన్ని బయటకు తీశాడు. వీపు గోడకు తగిలేదాకా వెనక్కి జరిగినా ఎదుటి గోడలో ఒక్క కుళాయి మూతి మాత్రమే పట్టింది. మూలకు ఒదిగాడు, రెండు మూతులు పట్టాయి. వసారాలోకి వెళ్లి తీస్తే తలుపు చట్రం అడ్డొచ్చింది. బకెట్ బోర్లించి దాని మీద నిలబడ్డాడు. అక్క సిమెంటు కలుపుతూ ఇదంతా చూస్తూనే ఉంది.

"చాలా మంచి కెమెరారా. పక్కింటి వాళ్ల బాత్రూం అయితే ఇక్కణ్నుంచే తియ్యొచ్చు."

సందు చివర కెమెరాలు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. పాతవి కొంటారు, అమ్ముతారు. ఆయన ఎలాంటిది కావాలని అడగలేదు, ముందు చెయ్యి చూపించమన్నారు. పానా వేళ్లు చూసి చిన్న చిన్న మీటలున్నవన్నీ పక్కకు నెట్టేశారు. పనిచేసేది గోడలు కొట్టే చోటని తెలిశాక కన్ను బయటకు సాగేవి కూడా పక్కకు పోయాయి. ఎందుకో తెలియడానికి సొరుగులోంచి ఒక చచ్చిన కెమెరా తీసి అతని చెవి దగ్గర తిప్పారు. లోపల గరగరమంది. రాళ్లు కోసే చోట పనిచేసే మనిషిదట. కన్ను బయటకు వచ్చి లోపలికి వెళ్లిన ప్రతిసారీ దుమ్మును వెంట తీసుకుపోయి చివరికి బిగుసుకుపోయింది.

బల్ల మీద రెండు మిగిలాయి. పానా గ్లాసుడు నీళ్లడిగి చేతులు తడుపుకున్నాడు. ఒక్కొక్కదాన్నీ తడి చేత్తో పట్టుకుని జారుతుందేమో చూశాడు. జేబులో వేసుకుని వంగాడు, గొంతుక్కూర్చున్నాడు, లేచాడు. ఆ తర్వాత బీరువాకూ గోడకూ మధ్యనున్న ఇరుకులోకి దూరి, ఎదురుగా ఎంత మేర పడుతుందో చూసుకున్నాడు. మొదటిది నాజూగ్గా ఉంది కానీ సగం గోడే చూసింది. రెండోది వాడిన సబ్బుబిళ్లలా ఉంది, మూలల్లో రంగు పోయింది. అయినా నేల నుంచి కప్పు దాకా పట్టేసింది. దాని కన్ను ఒంట్లోనే ఉంటుంది, బయటకు రాదు. మురికైతే కుళాయి కింద పెట్టి కడుక్కోవచ్చు.

పెద్దాయన దాని లోపం దాచలేదు, అంచుల్లో ఉన్నవి వంగి వస్తాయన్నారు. "దీంతో పెళ్లి ఫొటోలు తీశావనుకో, పెళ్లికూతురు జన్మలో నీ మొహం చూడదు. గోడలైతే ఏమీ అనుకోవు" అని, పానా కొన్న కొత్తదాన్ని తీసుకుని దీన్ని ఇచ్చారు.

అప్పటినుంచి అది అతని చొక్కా జేబు వదల్లేదు. గాడి కొట్టాక ఒకటి, పైపు పెట్టాక ఒకటి, అతుకు అతుకుకూ ఒకటి తీశాడు. అన్నం తింటూ కూడా పైపులే చూసుకుంటుంటే, పెళ్లయిన కొత్తలో నన్నయినా ఇంతసేపు చూడలేదని భార్య దెప్పింది.

మొదటి స్నానాలగదికి టైల్స్ పడ్డాయి. అక్క చేతులు కడుక్కుని వచ్చి అతనికి పెన్సిల్ అందించింది. వేడినీళ్ల పైపు ఎల్బో ఈ గోడలో ఎక్కడుందో గుర్తు పెట్టమంది. పానా ఉత్సాహంగా కెమెరా తీశాడు. ఫొటోలో అన్నీ ఉన్నాయి. ఎల్బో మీద అచ్చు పోసిన అక్షరాలు కూడా కనబడుతున్నాయి. కానీ దాని చుట్టూ ఉన్నది బూడిదరంగు గోడ. ఎదురుగా ఉన్నది తెల్లటి టైల్స్. దీనికీ దానికీ చుట్టరికం ఏమిటో తెలియదు. ఒకచోట గుర్తు పెట్టి చెరిపాడు. పక్కన పెట్టాడు. అదీ చెరిపాడు. నడిసముద్రంలో పడవను ఫొటో తీసి, ఇది ఎక్కడుందో చెప్పమన్నట్టుంది.

అక్క నవ్వి ఉంటే బాగుండేది. ఆమె పెన్సిల్ తీసుకుని చెవి మీద పెట్టుకుని వెళ్లిపోయింది. వచ్చే పని గురించి వేరే ప్లంబరుకు కబురు పెట్టిందన్న సంగతి ఆ సాయంత్రం ఇంటి యజమాని నోట విన్నాడు.

కొలతల టేపు గోడకు వేలాడదీసి ఫొటో తీసి చూశాడు. అంత వెడల్పున పట్టే కన్ను అంచుల్లో టేపును విల్లులా వంచేసింది. అంకెలు చీమల్లా వచ్చాయి. ఏం చేయాలో తోచక, రెండో స్నానాలగది తలుపు దగ్గర కూర్చుని, పక్కనున్న వంటగదిలో అక్క చేసే పని చూస్తూ ఉండిపోయాడు. ఆమె టైల్ ముట్టుకునే ముందు ఎప్పుడూ చేసే పనే చేస్తోంది. రసమట్టం పెట్టి ఒక అడ్డగీత, గుండు వేలాడదీసి ఒక నిలువుగీత. తర్వాత రంగుపొడి పూసిన దారం బిగబట్టి టప్పున వదిలితే గోడ మీద ఎర్రటి గీత పడుతుంది. అలా ఒక్కొక్కటీ పడి, ఏ టైల్ ఎక్కడ కూర్చోవాలో గళ్లుగళ్లుగా గోడే చెప్పేస్తుంది. పానా లేచి నిలబడ్డాడు.

రెండో స్నానాలగదిలో పైపులు పెట్టాడు కానీ గాడి పూడ్చలేదు. అక్కను పిలిచి, గళ్లు ఇప్పుడే గీయమని అడిగాడు. ఆమెకు విషయం వెంటనే అర్థమైంది. అందుకే ముఖం చిట్లించింది.

"ఇప్పుడు గీస్తే నీ సిమెంటు నా గీతల్ని మింగేస్తుంది. మళ్లీ గీయాలి."

"రెండోసారి నేను గీస్తాలే."

"నువ్వు గీసిన గీత మీద నేను టైల్ పెడతాననే అనుకుంటున్నావా?"

అయినా దారం తీసింది. ఒక కొస ఆమె పట్టుకుంది, రెండో కొస అతను పట్టుకున్నాడు. గాడుల మీదుగా, పైపుల మీదుగా ఎర్రటి గళ్లు పడ్డాయి. ప్రతి గడిలోనూ ఆమె పెన్సిల్‌తో అంకె వేసింది. ఫొటో తీసే ముందు పానా పైపుల్ని గుడ్డతో తుడిచాడు, కాస్త వంకరగా కనబడిన ఎల్బోను సరిచేశాడు. ఈసారి బొమ్మలో అతని పనీ ఆమె పనీ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. బొమ్మలో గోడ వంగినా ఫరవాలేదు, గడి అంకె వంగదు.

అన్నీ పూడ్చి, టైల్స్ పెట్టాక పైపుల్లోకి పంపుతో నీళ్లు ఎక్కించి ఒత్తిడి చూసే మీటరు పెట్టారు. టైల్స్ వేయకముందు పెట్టినప్పుడు ముల్లు నిలబడింది. ఈసారి భోజనం చేసి వచ్చేసరికి కొంచెం దిగి ఉంది. కుళాయి మూతులన్నీ బిగించి మళ్లీ పెట్టారు. మళ్లీ దిగింది. నీళ్లు కారుతున్నది ఎక్కడో గోడలోనే.

పానా కెమెరా తీసి ఫొటోలు ఒక్కొక్కటే పెద్దవి చేసి చూశాడు. ఒక ఎల్బో దగ్గర ఆగాడు. అతుకు చుట్టూ సొల్యూషన్ ఉంగరంలా నిండుగా ఉండాలి. దీనికి ఒక పక్క చెదిరి ఉంది. ఏం జరిగిందో అప్పుడు గుర్తొచ్చింది. ఫొటోలో నిటారుగా పడాలని తిప్పిన ఎల్బో అదే. సొల్యూషన్ అప్పటికే పట్టు బిగిస్తోంది. దాన్ని కదపకూడదని పని నేర్చుకున్న మొదటి రోజే అతనికి చెప్పారు. అయినా కదిపాడు.

చెప్పకుండా ఉండవచ్చు. అతుకు వదిలిందంటే చాలు, ఎందుకని ఎవరూ అడగరు. కానీ చెదిరిన ఉంగరాన్ని అక్కకు చూపించి, తప్పు తనదేనన్నాడు. ఆమె కెమెరాను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"అంటే ఫొటో కోసం దాన్ని ముస్తాబు చేశావన్నమాట."

అతను తలదించుకున్నాడు.

"గడి చెప్పు."

అంకె చెప్పాడు. ఆమె కిటికీ వైపు నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చి ఒక టైల్ మీద చెయ్యి ఆనించింది. ఉలి పెట్టే ముందు తమ్ముడి వైపు చూసింది. అతను ఫొటో మరోసారి చూసి, ఎడమ పక్క కింది మూల అన్నాడు. ఆమె చుట్టూ ఉన్న సందుల్ని మిషనుతో కోసి, మధ్యలో చిన్న దెబ్బ వేసింది. పూడ్చిన సిమెంటును అతను గీరి తీశాడు. ఎల్బో బయటపడింది, చెదిరిన పక్కనే నీటిబొట్టు పుట్టి నిదానంగా జారుతోంది. చుట్టుపక్కల టైల్స్ మీద గీత కూడా పడలేదు.

అతను ఆ ముక్క కోసి కొత్తది వేశాడు. ఈసారి అతికించాక రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. అది కాస్త వంకరగానే ఉంది, అలాగే ఉండనిచ్చాడు. బాగా ఆరాక పంపు కొట్టారు. అక్కాతమ్ముళ్లిద్దరూ నేల మీద చతికిలబడి ముల్లు వైపు చూస్తూ కూర్చున్నారు. ఎండ కిటికీ దాటి పోయింది. ముల్లు కదల్లేదు.

అక్క లేచి, మిగిలిన టైల్స్‌లోంచి ఒకటి తీసి వెనకవైపు దుమ్ము తుడుస్తూ, అతని వైపు చూడకుండానే చెప్పింది.

"వచ్చే ఇంట్లో ముందు నేను గళ్లు గీసేస్తాను. గాడి ఎక్కడ కొట్టాలో నీకూ తెలుస్తుంది. నువ్వు మధ్యాహ్నానికి వస్తే చాలు."

పానా మీటరు విప్పసాగాడు. వేరే ప్లంబరు సంగతి అడగాలనిపించింది, అడగలేదు.

"మరి దారం రెండో కొస ఎవరు పట్టుకుంటారు?"

ఆమె ఆలోచించింది.

"అయితే పొద్దున్నే రా."