మంద గుర్రం, మా మోతి

మా చిన్నప్పుడు... ఒక చలికాలం పొద్దు. అవ్వ వాకిట్ల సాన్పి చల్లుతుంది. పొయ్యి మీద కాగుల నీళ్లు పొగలు కక్కుతున్నయి. నేను చెల్లెకు జడ అల్లుతున్న. బాపు గొంగడి కప్పుకొని యాపపుల్ల నములుతుండు. మా నల్లకుక్క మోతి గుంజకు కట్టేసి ఉంది... ఊకె తాడు గుంజుకుంట కుయ్ కుయ్ మంటుంది.

ముందటి దినం మాపటీలి మా చేన్ల గొర్లమంద పడ్డది. మక్కలు కోసినంక మా ఖానాపూర్ దిక్కు మరాఠీ గొల్లోళ్లు మందలు తోలుకొని వచ్చేటోళ్లు. రాత్రి ఎవల చేన్ల మంద పండుకుంటే వాళ్ల చేనుకు ఎరువు. ఆ గొల్లోళ్ల సంసారమంత గుర్రం మీదనే... వంటగంజులు, గొంగళ్లు, ఆ మీద నడువలేని గొర్రెపిల్ల, ఒక కోడి.

మంద పడితే ఊర్ల కుక్కలను కట్టెయ్యాలె. చేనుగల్లాయనే ఇల్లిల్లు తిరిగి చెప్పాలె. బాపు తిరిగి చెప్పొచ్చిండు. ఇంట్ల అవ్వకు గూడ చెప్పిండు... "మంద కదిలినంకనే మోతిని ఇడువు."

పొద్దుగాల గొర్ల గంటలు మోగుకుంట దూరమైనయి. చేను దిక్కు దుమ్ము లేచింది. మంద కదిలిందని అవ్వ తాడు ఇప్పింది.

గుర్రం తెల్లారగట్ల ఈనిందని, తల్లీపిల్ల చేన్లనే ఉన్నయని మాకు తెల్వది...

జర సేపటికి సకిలింపు వినొచ్చింది. అసొంటి సప్పుడు నేను మళ్ల వినలే. బాపు యాపపుల్ల పారేసి కట్టె పట్టుకొని ఉరికిండు. ఎన్క అవ్వ. చెల్లెను సంకనేసుకొని నేను.

ఒడ్డు మీద నిలబడి చూసిన...

ఒళ్లు తడి గూడ ఆరని పిల్ల. కాళ్లు గడగడ వణుకుతున్నయి. దాని సుట్టు మా మోతి, ఎంటవడి వచ్చిన ఊరకుక్కలు. తల్లిగుర్రం కాళ్లకు బందం లేదు. ఉరికితే ఏ కుక్క అందుకుంటది? కాని ఉరుకలే. పిల్ల ఉరుకలేదు కద...

పిల్లను కడుపు కిందికి తీసుకొని గుండ్రంగ తిరుగుతుంది. ఏ దిక్కు కుక్కొస్తే ఆ దిక్కు తన తొడ అడ్డం పెడుతుంది. కాలు లేపి తంతది. దించేటప్పుడు మాత్రం మెల్లగ, పిల్ల మీద పడకుండ దించుతది. అంత కోపంల గూడ కాలు ఏడ పెట్టాలెనో చూసుకుంటుంది.

దాని ఎనక కాలు పట్టుకొని గుంజుతున్నది మా మోతినే. చెల్లె తోక గుంజినా కసురని మోతి...

బాపు కట్టెతోని అదిలించి, మోతి మెడ దొరకబట్టి ఇవతలికి ఈడ్సుకొచ్చిండు. మిగిలినయి పారిపోయినయి.

నీళ్లకు పోయిన గొల్లామె సక్కుబాయి బిందె ఆడనే ఇడిసేసి ఉరికొచ్చింది. ఏడ్వలే. గుర్రం మెడ మీద చెయ్యేసింది. దాని ఒళ్లంత ఒక్కసారి వణికి, ఊకుంది. కాలికి నెత్తురు కారుతనే ఉంది... పిల్లకు పాలిస్తుంది. పిల్ల మీద ఒక్క గాటు లేదు.

అవ్వ రెండు చేతులు జోడించింది, బాసరల అమ్మవారి ముందట జోడించినట్టు.

అప్పటికి ఊరు జమైంది. పక్కింటి మల్లయ్య పెద్దబాపు మా బాపు చెవుల అన్నడు... "సప్పుడు చెయ్యకు తమ్మి. ఇన్ని ఊరకుక్కలుండె, ఏది కరిసిందని ఎవలడుగుతరు? రేపు పొయ్యేటోళ్లు."

"మోతి మూతికి నెత్తురుంది అన్నా," అన్నడు బాపు. మోతిని అట్లనే పట్టుకొని సక్కుబాయి ముందటికి పోయిండు.

"మా కుక్కనే."

సక్కుబాయి బాపును కింది నుంచి మీదిదాక చూసింది. "ఊరంత తిరిగి కుక్కల్ని కట్టుమంటివి కద దాదా! నీ ఇంటికి ఎవలొచ్చి చెప్పాలె?"

బాపు తల వంచుకొని నిలబడ్డడు. మా బాపు అట్ల నిలబడంగ నేను చూసింది అదొక్కసారే. ఎందుకో నాకు చిన్నతనం అనిపియ్యలే... బాపు ఇంకింత పెద్దగ కనబడ్డడు.

పగటీలి ఖానాపూర్ నుంచి పసుల డాక్టరు వచ్చి సూదులేసి, కట్టు కట్టిండు. పాణానికి ఫికర్ లేదు, పుండు మానెదాక నడిపియ్యొద్దన్నడు. గుర్రం నడువకుంటే సంసారం కదలది. మంద ఆగితే గొర్లకు మేత లేదు. కబురు విని మంద కాడి నుంచి ఉరికొచ్చిన సక్కుబాయి మొగుడు నెత్తికి చెయ్యి పెట్టుకొని కూసున్నడు.

మాపటీలి మల్లయ్య పెద్దబాపు మా ఇంటికొచ్చిండు. "నెత్తురు రుచి చూసింది. కొట్టి సంపురి ఆ కుక్కను," అన్నడు.

అవ్వ పొయ్యికాడి కెళ్లే అన్నది... "తాడు ఇప్పింది నా చెయ్యి బావా. దాన్ని కొడితే నా చెయ్యి మంచిదైతదా?"

"ఇప్పుమన్నది నేను," అన్నడు బాపు.

ఆ మీద బాపు ఒక్కొక్కటే చెప్పిండు. ఎడ్లు వాకిట్లకు, తల్లీపిల్ల కొట్టంలకు. పుండు మానెదాక గడ్డి, దాణ మనదే. తెల్లారి వాళ్ల సామానంత మన బండి మీద, మంద ఏ ఊరికి పోతే ఆ ఊరికి. మోతి మెడకు గుదికర్ర... ఉరికితే మోకాళ్లకు తాకే కట్టె. "మోతి మనది. అది చేసింది గూడ మనదే," అన్నడు.

మొన్న మా కాలనీల ఒకాయన పెంపుడు కుక్క మేకపిల్లను పట్టింది. అడిగితే, "గేటు ఎవలో తీసిపెట్టిండ్రు" అన్నడు... తప్పంత గేటుదే అయింది.

పొద్దుగాల దీపం ముట్టించి చేతులు జోడిస్తే, నాకు ఇప్పటికీ ఆ తల్లిగుర్రం మెల్లగ కాలు దించుడు కండ్ల ముందటికొస్తది. దాని పక్కనే తల వంచుకొని బాపు.

"మా కుక్కనే" అన్న మాట విని ఎన్నేండ్లాయెనో... మీ ఊర్ల ఎవలన్న అట్ల అన్నోళ్లుంటే చెప్పుండ్రి. వాళ్లకు గూడ ఒక దండం పెట్టుకుంట.