మడత చెడని రెయిన్‌కోటు

మా బావ లెక్కలో లోకంలోని వస్తువులు రెండే రకాలు. మడత పడేవి, మడత పడనివి. నన్ను మొదటి పరిచయంలోనే ఎగాదిగా చూసి రెండో రకంలో వేశాడు. దానికి నాకేమీ బాధ లేదు. ఆయన మెచ్చుకున్న వాటికి పట్టిన గతి చూశాక సంతోషంగానే ఉంది.

షర్టుల ఫ్యాక్టరీలో మడతల సెక్షన్‌కి పెద్ద ఆయన. కుట్టడం రాదు, కత్తిరించడం రాదు, ఇస్త్రీ కూడా ఇంకొకరు చేసి చేతికివ్వాలి. అలా వచ్చిన షర్టుని బల్ల మీద బోర్లా పరిచి, వీపు మీద అట్ట పెట్టి, చేతులు వెనక్కి విరిచి, క్లిప్పు తగిలించి కవర్లో దూర్చడం ఆయన విద్య. కుర్రతనంలో ఆ బల్ల దగ్గర నిలబడ్డవాడు రిటైరయ్యేదాకా అక్కడినుంచి కదల్లేదు. దీనికే అందరూ మాస్టారూ, మాస్టారూ అని నెత్తికెత్తుకున్నారు. ఆయన అక్కడినుంచి దిగనే లేదు.

ఇంటికొచ్చినా అదే గోల. తువ్వాళ్ళు మడిచేవాడు, పాత పేపర్లు మడిచేవాడు, కూరగాయల సంచిని కూడా నాలుగు మడతలు వేసి దాని చెవులు లోపలికి దోపేవాడు. పెళ్ళయిన కొత్తలో మా అక్క తెగ మురిసిపోయింది. పోనుపోను బీరువాలోంచి దుప్పటి తీయాలంటే ఆవిడకి గుండె దడ పుట్టుకొచ్చింది. ఒకటి లాగితే వరస చెడుతుంది, వరస చెడితే ఆయన మొహం మాడుతుంది. చలేసినప్పుడు కప్పుకునేది దుప్పటి అన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

రిటైరయ్యాక ఆయనకి మోటార్‌సైకిల్ పిచ్చి పట్టింది. కొండలు దాటి సముద్రం దాకా వెళ్ళాలట, వెనక సీట్లో మా అక్క ఉండాలట, తోడుగా నేను నా బండి మీద రావాలట. మా అక్కకి ఉబ్బసం. ఒళ్ళు తడిస్తే చాలు, ఊపిరి అందక మంచం పడుతుంది. అయినా పెళ్ళయినప్పటినుంచి ఎక్కడికీ వెళ్ళని మనిషి, సముద్రం అనేసరికి కళ్ళు మెరిశాయి. అందరి ముందూ ఒకటే షరతు పెట్టింది.

"వస్తానండీ. కానీ నేను తడవకూడదు. ఒక్కసారి తడిశానా, ఉన్నచోటే బస్సెక్కి ఇంటికొచ్చేస్తాను. మళ్ళీ జన్మలో మీ బండి ఎక్కను."

"నేనుండగా నువ్వెలా తడుస్తావే?" అన్నాడు బావ, మబ్బులన్నీ తన జేబులో ఉన్నట్టు.

అలా రెయిన్‌కోట్ల వేట మొదలైంది. నేను మందుల కంపెనీ సేల్స్‌మన్ని. వానలో బండి తోలడం నాకు ఉద్యోగంలో భాగం, సరదా కాదు. నా కోటు దళసరి రబ్బరుది, మడిస్తే దిండంత అవుతుంది. దాన్ని చూసి బావ ముక్కు చిట్లించాడు. "దీన్ని మడవడం కాదురా, చుట్టబెట్టడం అంటారు" అన్నాడు.

దుకాణం ఆయన పాపం మంచివాడు. కుట్ల మీద లోపలివైపు టేపు వేసిన కోటు చూపించాడు. జిప్పు మీద నీళ్ళు ఆపే పట్టీ చూపించాడు. "ఒకసారి వేసుకుని ఆ స్టూలు మీద బండి మీద కూర్చున్నట్టు కూర్చోండి సార్, కూర్చుంటేనే ప్యాంటు ఎంత పైకి పోతుందో తెలుస్తుంది" అని బతిమాలాడు. బావ కూర్చుంటేనా! కౌంటరు మీద సామాను పక్కకి నెట్టి, కోట్లన్నీ ఒక్కొక్కటీ పరిచి మడత వేయడం మొదలుపెట్టాడు. నీళ్ళు ఆగుతాయా అని ఒక్క మాట అడగలేదు. చివరికి ఉల్లిపొరలాంటి ఒక రకం దొరికింది. దాన్ని మడిచి, దానితో ఇచ్చిన బుల్లి సంచిలో దూర్చి, పిడికిట్లో పట్టుకుని అందరికీ చూపించాడు. కొనడానికి వచ్చినవాళ్ళు చుట్టూ మూగారు. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు. ఇంక ఆపగలిగేవాడెవడు?

అంతటితో వదిలాడా, రెండూ ఒక సైజు తక్కువవి తీసుకున్నాడు. బట్ట తగ్గితే మడత తగ్గుతుందట. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇంట్లో మా అక్క ఆ సంచిని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది వేసుకుంటే తడవనాండీ?" అని అడిగింది.

"ఎంత చిన్నదైపోయిందో చూశావా?" అన్నాడు ఆయన. "సంచి మాత్రం అసలు సిసలైంది. బకెట్లో వేసినా లోపలికి చుక్క నీరు పోదు."

ఆవిడ అడిగిందేమిటి, ఈయన చెప్పిందేమిటి? నేను నోరు తెరవబోతే అక్క కళ్ళతోనే వద్దంది. సముద్రం మీద ఆశ అలాంటిది.

బయల్దేరిన రెండో రోజు ఘాట్ రోడ్డు మీద మబ్బు కమ్మింది. నేను బండి ఆపి నా దిండు విప్పి తొడుక్కున్నాను. "బావా, మీరూ వేసుకోండి" అన్నాను. ఆయన తలెత్తి, ఫ్యాక్టరీలో షర్టు పాసు చేసినట్టు ఆకాశాన్ని పాసు చేశాడు. "గాలికి పోయే మబ్బురా ఇది. నువ్వు పద, కొండ దిగాక పెట్రోలు బంకు దగ్గర కలుద్దాం" అన్నాడు. అక్క ఏదో అనబోయింది గానీ ఆయన అప్పటికే బండి స్టార్ట్ చేశాడు.

నేను బంకు చేరేలోపే కుండపోత. షెడ్డు కింద నిలబడి ఎదురుచూశాను. ఎంతసేపటికో వచ్చారు, ఇద్దరూ తడిసి ముద్దయి. కోట్లు పెట్టుకున్న ట్యాంకు మీది బ్యాగు జిప్పు వేసింది వేసినట్టే ఉంది. అక్క దిగి స్తంభం పట్టుకుంది. ఆవిడ గొంతులోంచి వస్తున్న పిల్లికూతలు వాన చప్పుడులో కూడా నాకు వినబడ్డాయి. ఇన్‌హేలర్ పీల్చి, మాట వచ్చాక నాతో చెప్పింది.

"వీపు మీద కొట్టి చెప్పానురా, ఆపమని. ఒకసారి విప్పితే రోడ్డు మీద మళ్ళీ అలా మడవడం కుదరదంట. మడవడానికి బల్ల కావాలంట."

నేను బావ వైపు చూశాను. ఆయన తల తుడుచుకుంటూ, "నిజమేగా, బల్ల లేకుండా ఎలా కుదురుతుంది?" అన్నాడు. అబద్ధమాడినా కొంత గౌరవం మిగిలేది. ఆడలేదు. పెళ్ళాం ఊపిరికీ మడతకీ పోటీ పెట్టి, మడత గెలిచిందని నిలబడి మరీ చెప్పాడు.

అక్క బ్యాగు జిప్పు లాగి, తన సంచి తీసి, కోటుని ఒక్క దులుపు దులిపి విప్పింది. కనీసం గాలైనా తగలకుండా ఉంటుందని తడి బట్టల మీదే తొడుక్కుంది. కోటు చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి.

"అయ్యయ్యో, తడి మీద వేస్తే లోపలివైపు పాడవుతుంది!" అన్నాడు బావ.

అక్క ఆయన వైపు చూడను కూడా లేదు. రోడ్డు మీద మా ఊరి వైపు వెళ్ళే బస్సు కనబడితే చెయ్యెత్తి ఆపి ఎక్కేసింది. నేను ఆ బస్సు వెనకే బండి తిప్పాను. బావ రాలేదు. ఆ వానలో బండి తోలలేక ఆ బంకు పక్క లాడ్జిలోనే దిగాడు.

మర్నాడు ఆయన ఇల్లు చేరేటప్పటికి అక్క గదిలో దిళ్ళకి ఆనుకుని కూర్చుని ఉంది. డాక్టరు అప్పుడే చూసి వెళ్ళాడు. విప్పిన కోటుని అక్క ఒక చేతిసంచిలో కుక్కి, ఆయన రాగానే ఇచ్చెయ్యమని నా చేతికిచ్చింది. ఇచ్చాను. ఎంత చవట అయినా ఎలా ఉందని ఒక మాట అడుగుతాడని ఎదురుచూశాను.

ఆయన దాన్ని భోజనాల బల్ల మీద పరిచాడు. తువ్వాలుతో లోపలివైపు ఒత్తి తుడిచాడు. చేతులు వెనక్కి విరిచి, సగానికి సగం చేసి, గాలి పోయేలా అరచేత్తో నొక్కాడు. పిడికెడు అయ్యాక తలెత్తి నన్ను చూశాడు.

"దీని సంచి ఏదిరా?" అన్నాడు.

గదిలోంచి అక్క గొంతు వినబడింది. దమ్ము చాలక, ఆగి ఆగి మాట్లాడింది.

"సంచి నా దగ్గరుంది. అందులో నా ఇన్‌హేలర్ పెట్టుకున్నాను. చుక్క నీరు పోదని మీరే అన్నారుగా."

బావ ఆ కోటుని పిడికిట్లో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. సంచి లేకపోతే ఆ మడత నిలవదు, చెయ్యి వదిలితే విచ్చుకుపోతుంది. కింద పెట్టలేడు, గదిలోకి వెళ్ళి అడగలేడు.

"ఈసారి సముద్రానికి వెళ్ళేటప్పుడు," అంది అక్క, "ఆ బల్లని కూడా వెనక సీటు మీద కట్టుకుని వెళ్ళండి. ఆ సీటు ఇక ఖాళీయే."