పిన్ని ఒక్క లైను అర్జీ

పాఠక మహాశయులారా, ముందుగా సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. సంస్మరణ వ్యాసం ఎలా ఉండాలో నాకు తెలుసు. మొదట్లో "తీరని లోటు", మధ్యలో "మహోన్నత వ్యక్తిత్వం", చివర్లో "పవిత్ర ఆత్మ" పడాలి. ఈ మూడింట్లో ఒక్కటీ ఇందులో కుదరలేదు. భాషలో గాంభీర్యం చాలనందుకు, ఒక సంఘానికి అధ్యక్షుణ్ణి అయ్యుండి ఇంతకన్నా గొప్పగా ఏడవలేకపోయినందుకు పెద్దమనసుతో మన్నించాలి. మా పక్కింటి పిన్ని గురువారం పోయింది. మామిడి తోటలో పురుగుమందు కలుపుతూ సాయంత్రం కూలబడింది. నూజివీడు చేరాక ప్రాణం పోయింది.

పిన్ని అంటే చుట్టరికం ఏమీ లేదు. గోడకి అటు వాళ్ళు, ఇటు మేము. మా ఊరు చాట్రాయికీ చింతలపూడికీ మధ్య. ఇక్కడ పూత మొదలైందంటే తేనెమంచు పురుగు కోసం మందు కొట్టడం మొదలవుతుంది. మగాళ్ళు స్ప్రే గన్ను పట్టుకుని చెట్టు కింద నిలబడి పైకి కొడతారు. డ్రమ్ములో నీళ్ళు పోసి మందు కలిపేది ఆడవాళ్ళు. వాళ్ళలో మా పిన్ని సీనియర్. "చెట్టుకే కొడతాంరా, సగం మన మీదే పడుద్ది," అనేది, వాన గురించి చెప్పినట్టు.

ఆవిడకి ఒక అలవాటుండేది. మందు సీసా మూత తియ్యగానే సీసాకి అంటించి ఉన్న మందు పేరు కాగితం తడిపి, చిరక్కుండా ఊడదీసి, మడిచి కొంగున ముడేసుకునేది. సాయంత్రం ఇంటికొచ్చి స్నానం చేసేదాకా ఆ ముడి విప్పేది కాదు. చదువు రాదు, ఆ కాగితం మీద ఏముందో తెలియదు. కానీ కొన్నేళ్ళ కిందట వాళ్ళాయన, అంటే బాబాయి, గన్ను పట్టుకునే పడిపోతే డాక్టరుగారు "ఏం మందు?" అని అడిగారట. ఎవరికీ తెలియలేదు. సీసా కోసం తోటకి పరిగెత్తి వచ్చేసరికి ఆలస్యమైంది. బాబాయి బతికాడుగానీ చేతులు వణుకుతూ ఉండిపోయాయి. అప్పటినుంచి పిన్ని ఆయనకి టీ ఎప్పుడూ సగం గ్లాసే పోసేది. అది తాగాక మిగతా సగం. ఎవరైనా చూస్తుంటే, "మా ఆయనకి వేడి టీ అంటే ఇష్టం, అందుకే రెండుసార్లు," అని చెప్పేది.

ఇక మా సంఘం సంగతి. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో మా క్లాసు సుధ ఎక్కడో విని వచ్చింది, ఆరోగ్య విధానాల్లో యువత గొంతు వినిపించాలని. వెంటనే సంఘం పెట్టాం. పేరు పెట్టడానికే మూడు మీటింగులు పట్టాయి. ఆ పేరు ఎంత పొడుగంటే బ్యానర్ మీద "ఆరోగ్య" దాకానే పట్టింది. సుధ కార్యదర్శి, నేను అధ్యక్షుణ్ణి. కార్యదర్శి అంటే పని చేసే మనిషి. అధ్యక్షుడంటే ఫొటోలో మధ్యన నిలబడే మనిషి.

మొదట సర్వే అన్నాం. ఫోన్లో ఫారం తయారుచేసుకుని తోట కూలీల ఇళ్ళకి వెళ్ళాం. "మందు కొట్టిన రోజు మీకు తల తిరుగుతుందా? ఎప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడు." సుధ చాలా మర్యాదగా అడుగుతోంది. అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుతున్నారు. పిన్ని లేచి సుధ పక్కనొచ్చి నిలబడింది.

"పూత కాలంలో తల తిరగనోళ్ళు ఎవరో అది రాసుకోమ్మా. తొందరగా అయిపోద్ది."

ఆ రోజు ఒక్క పేరు కూడా రాయలేదు. ఆ సాయంత్రమే పిన్ని మా సంఘంలో చేరింది. నా అభిప్రాయంలో మేమే ఆవిడ సంఘంలో చేరాం.

సుధ ఏడు పేజీల వినతిపత్రం రాసింది. నేపథ్యం, లక్ష్యాలు, సిఫార్సులు, సగం ఇంగ్లీషు. పిన్నికి చదివి వినిపిస్తే మూడో పేజీలో ఆపింది.

"అమ్మాయ్, నువ్వు ఇంగ్లీషులో బాధపడుతున్నావు. తెలుగులో పడు. ఒక్కటడుగు. ఏడడిగితే ఏడూ తర్వాత చూద్దామంటారు."

"ఏం అడుగుదాం పిన్నీ?"

"మందు కొట్టే రోజుల్లో మన ఊరి ఆసుపత్రి సాయంత్రం ఎనిమిదింటిదాకా తియ్యమను. విరుగుడు ఇంజెక్షను లోపల ఉంచమను. అంతే."

ఏడు పేజీలూ పోయి ఒక్క లైను మిగిలింది. సుధ రెండు రోజులు మా వీధి వైపే రాలేదు. తర్వాత ఆ ఒక్క లైనూ తనే మంచి దస్తూరీతో రాసింది.

సోమవారం అర్జీలు తీసుకునే చోటికి ముగ్గురం వెళ్ళాం. పిన్ని ఉతికిన చీర కట్టుకుంది. దారంతా నేను ఉపన్యాసం బట్టీపట్టాను. తీరా ఆఫీసరుగారి ముందు నిలబడ్డాక నా నోట్లోంచి "నమస్కారమండీ" తప్ప ఏమీ రాలేదు. పిన్నే మాట్లాడింది. ఆయన కాగితం చదివి తలెత్తాడు.

"ఎనిమిదింటిదాకా ఎందుకమ్మా? పగలు ఉంటారు కదా డాక్టరుగారు?"

"మేం పగలు పడమండి. ఎండలో కొడితే పూత మాడుద్దండి. చల్లబడ్డాక కొడతాం, అప్పుడు పడతాం. ఆసుపత్రికి నాలుగింటికి తాళమేస్తారు. మేము నాలుగు లోపల పడేటట్టు చూడండి, లేకపోతే మీరు నాలుగు తర్వాత తియ్యండి."

ఆయన నవ్వలేదు. కాగితం మీద ఏదో రాశాడు. "ఇది చెయ్యదగ్గదేనమ్మా," అన్నాడు. బయటికొచ్చాక సుధ ఏడ్చేసింది. పిన్ని ఆ అమ్మాయి వీపు మీద ఒకటి చరిచి, "ఇంకా తియ్యలేదే, అప్పుడే ఏడుపేంటి," అంది.

తర్వాత వారానికోసారి గోడ మీద నుంచి పిలిచేది.

"అధ్యక్షా! మన కాయితం ఎక్కడిదాకా వచ్చింది?"

"దారిలో ఉంది పిన్నీ."

"నడిచొస్తందా?"

ఏడాది తిరిగి మళ్ళీ పూత వచ్చింది. కాయితం రాలేదు. ఆసుపత్రి నాలుగింటికే మూస్తున్నారు.

గురువారం ఐదు దాటాక బాబాయి మా గుమ్మంలో నిలబడ్డాడు. తోట వైపు చెయ్యి చూపిస్తున్నాడు. నేను పరిగెత్తేసరికి పిన్ని డ్రమ్ముకి ఆనుకుని ఉంది. నోట్లోంచి చొంగ కారుతోంది, ఒళ్ళంతా చెమట. "కళ్ళకి పొగ కమ్మిందిరా," అంది. అంబులెన్సు వేరే ఊరు వెళ్ళిందన్నారు. ఆటోలో వేసుకుని మా ఊరి ఆసుపత్రికే ముందు తీసుకెళ్ళాం. తాళం ఉందని నాకు తెలుసు. తెలిసీ తీసుకెళ్ళాను. ఆ గేటు పట్టుకుని ఎంతసేపు ఊపానో తెలియదు. విరుగుడు లోపలే ఉందట, బీరువాలో. వాచ్‌మన్ చెప్పాడు, పాపం, ఆయన కూడా ఏడుస్తున్నాడు.

అక్కడినుంచి నూజివీడు. ఆటోలో పిన్ని తల నా ఒళ్ళో ఉంది. బాబాయి ఆవిడ పాదాలు పట్టుకున్నాడు. ఆ చేతుల వణుకుకి ఆవిడ పట్టీలు గలగలమంటూనే ఉన్నాయి.

"ఏదో ఒకటి వాగరా," అంది పిన్ని. "నిద్రొస్తంది."

పుట్టి బుద్ధెరిగాక, ఆ ఆఫీసరుగారి ముందు తప్ప, మాట కోసం వెతుక్కోని వాణ్ణి. బ్యానర్ సంగతి చెప్పాను. ఏడు పేజీల సంగతి చెప్పాను. చెప్పిందే మళ్ళీ చెప్పాను. ఆవిడ కొంగు తడుముకుని ముడి నా చేతికిచ్చింది. "డాక్టరుగారికియ్యి. మర్చిపోతావేమో, నీకసలే మతిమరుపు." ఆ తర్వాత మాట్లాడలేదు. నేను మాత్రం ఆసుపత్రి వచ్చేదాకా వాగుతూనే ఉన్నాను.

అక్కడ డాక్టరుగారు కాగితం చూశారు. "మందు పేరు తెలియడం చాలా మంచిదైంది," అంటూనే ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. గంటసేపు ఆయనా సిస్టర్లూ చెయ్యగలిగిందంతా చేశారు. బయటికొచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. "అర్ధగంట ముందు ఒక్క డోసు పడుంటే బాబూ," అన్నారు.

ఈ సోమవారం సుధ అర్జీల ఆఫీసుకి మళ్ళీ వెళ్ళింది. గుమాస్తా కంప్యూటర్లో చూసి చెప్పాడట. మా అర్జీ పైకి వెళ్ళింది. ఆసుపత్రి వేళలు మార్చడానికి కింది నుంచి వివరాలు కూడా తెప్పించారు. ఆ తర్వాత ఫైలు మూసేశారు. కారణం: "సమస్య పరిష్కారమైంది, అర్జీదారు సంతృప్తి చెందారు."

"దొంగ రాతలు!" సుధ మా ఇంటికొచ్చి అరిచింది. "పిన్ని సంతృప్తి చెందిందా? ఎవరు చెప్పారంట? ఎప్పుడు చెప్పారంట?"

రేపు ఆఫీసు ముందు కూర్చుంటామంటోంది. అట్టల మీద "దొంగ రాతలు" అని పెద్ద అక్షరాలతో రాయించింది. ఒకటి బాబాయి పట్టుకుంటానన్నాడు. నన్ను అధ్యక్షుడి హోదాలో పిన్ని గురించి నాలుగు మంచి మాటలు రాసిమ్మంది, పంచడానికి. అవే ఇవి. సుధా, పంచే ముందు ఇక్కడిదాకా చదువు.

అవి దొంగ రాతలు కావు. అర్జీ ఇచ్చిన రోజు ఫోన్ నంబరు కావాలన్నారు. పిన్నికి ఫోను లేదు, నువ్వు క్యూలో వెనక ఉన్నావు, నాది రాయించాను. రెండు నెలల తర్వాత హనుమాన్ జంక్షన్‌లో బస్సు కోసం నిలబడి పునుగులు తింటుంటే ఫోన్ మోగింది. అంతకుముందు రెండుసార్లు వస్తే కట్ చేశాను. రికార్డు చేసిన ఆడగొంతు. మీ అర్జీ పరిష్కారమై మీరు సంతృప్తి చెందితే ఒకటి నొక్కండి, లేకపోతే రెండు నొక్కండి. అవతల బస్సు వచ్చేస్తోంది. రెండు నొక్కితే ఇంకా ఏవో అడుగుతుందనిపించింది. సంఘం తరఫున నేను స్వయంగా చేసిన పని ఇదొక్కటే. వేళ్ళన్నీ నూనెగా ఉంటే చిటికెనవేలుతో ఒకటి నొక్కాను.

"ధన్యవాదాలు," అంది ఆ గొంతు.

"పర్లేదండీ," అని బస్సెక్కాను.