పిడికెడు పాలగుండ

ఈశ్వర సంవత్సరం కరువులో నాకు పాలు ఎండిపోయాయి. ఏడు నెలల మా బాబు పాలగుండ జావతోనే బతుకుతున్నాడు. ఉదయగిరిలో బోధకుడైన మా మామగారికి మిషన్ దొరగారు మదరాసులో పళ్ళు కట్టించి ఇచ్చారు. తిండి లేక చిగుళ్ళు కరిగి అవి వదులయ్యాయి. తుమ్మజిగురు పొడిలో పాలగుండ దండిగా కలిపి అద్దితేనే ఆ సందు పూడి పళ్ళు నిలిచేవి. కలిపేది నేనే.

కరువు జనానికి గంజి పోసే పనిమీద మేము ఆత్మకూరు వెళ్ళినప్పుడు, అక్కడ ఒక బిడ్డ చనిపోతే ప్రార్థనకు మామగారిని పిలిచారు. నా దగ్గర పిడికెడు పాలగుండే మిగిలింది. దాన్ని దాచి, ఉత్త జిగురు పొడి ఇచ్చాను.

“ఏందమ్మా, ఇంత పలచన?”

“ఉండేది అంతే మామా.”

పూడ్చే గుంట దగ్గర బిడ్డ పేరు పలుకుతుండగానే పళ్ళు జారి మట్టిలో పడ్డాయి. ఎవరో నవ్వారు. ఆయన ఆపకుండా ప్రార్థించినా ఒక్క మాటా తెలియలేదు. ఆ తల్లి ఆయన కాళ్ళు పట్టుకుంది.

“పేరన్నా తెలిసేటట్టు చెప్పయ్యా. దేవుడికి వినపడొద్దా?”

ఆయన మళ్ళీ చెప్పారు. మళ్ళీ గాలే వచ్చింది.

చదువుకున్నదాన్ని, ఆ పేరు నేనైనా గట్టిగా పలకవచ్చు. జావ తాగిన మూతితో మావాడు నా చంకలో నిద్రపోతున్నాడు. నేను కొంగుతో వాడి మూతి తుడిచాను.

మళ్ళీ ఆ రోజే వస్తే పాలగుండ దాచనని ఇప్పటికీ చెప్పలేను.